గేటు తెరిచేదాకానే

పోయిన వారం సంతోష్‌నగర్‌లో చెప్పులు కొనుక్కుని, కాళ్లు పీకుతుంటే ఒక ఇరానీ హోటల్లో కూలబడ్డాను. టీవీలో వంద మీటర్ల పరుగు ఫైనల్ వస్తోంది. ఎనిమిదిమంది గీత మీద వంగి ఉన్నారు. హోటల్లో వాళ్లంతా బిస్కెట్లు టీలో ముంచి, తీయడం మరిచిపోయి చూస్తున్నారు. తుపాకి పేలింది. పేలగానే నేను కుర్చీలో గిర్రున తిరిగి, వెనక గోడకున్న ధరల బోర్డు చదవడం మొదలుపెట్టాను.

టీ తెచ్చిన భాయ్ నన్ను, గోడను, టీవీని వరసగా చూశాడు.

"అమ్మా, ఉరుకుడు అటు నడుస్తున్నది. మీరు గోడను చూస్తున్నరేంది?"

"నేను ఉరుకుడు గిట్లనే చూస్త," అన్నాను.

అతను కప్పును నాకు కొంచెం దూరంగా పెట్టి వెళ్లిపోయాడు. పిచ్చిదాన్ననుకుని ఉంటాడు. అనుకోనీ. ముప్పై ఏళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నదాన్ని, నన్ను పిచ్చిదనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ గోడ చూసే అలవాటు మాత్రం బడిలో వచ్చింది కాదు. మా ఎదురింటి చాచా అంటించి పోయాడు.

మా ఇల్లు ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో. చాచా మలక్‌పేట రేసుకోర్సులో ముప్పై ఏళ్లకు పైగా గేటు కాడ పని చేసి రిటైరయ్యాడు. పందెం మొదలయ్యే చోట ఇనుప గేట్లుంటాయి కదా, ఒక్కో గుర్రాన్ని బుజ్జగించి ఒక్కో గదిలోకి ఎక్కించి, గేట్లు తెరిచేదాకా కదలకుండా నిలబెట్టడం ఆయన పని. గేట్లు ఫట్‌మని తెరుచుకుంటాయి, గుర్రాలు పోతాయి, దుమ్ము మిగులుతుంది. చాచా వెనక్కి తిరిగి తరవాతి పందెం గుర్రాల దగ్గరికి నడిచేవాడు. అన్నేళ్లలో ఆయన కొన్ని వేల పందేలు మొదలవడం చూశాడు. ఒక్కటి కూడా ముగియడం చూడలేదు.

"ఒక్కసారన్న చూడాలనిపించలేదా చాచా?" అని అడిగాను.

"గేటు తెరిచేదాకనే నా పని టీచరమ్మా. అటెన్క వాళ్ల కిస్మత్."

అందుకని మనుషుల్ని కూడా ఆయన బయలుదేరడాన్ని బట్టే లెక్కగట్టేవాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, రైలు అందుకోవడానికి ఉరికే గుమస్తాలకు మార్కులు వేసేవాడు. రైలు అందిందా లేదా అన్నది ఆయనకు అక్కర్లేదు. రేషన్ డీలరుకు కుడికాలు బరువట. పాలు పోసే యాదమ్మ లేవడం మస్తు సాఫట, ముప్పై ఏళ్ల కింద చూసుంటే గేటు కాడికి తీసుకుపోయేవాడట. నా గురించి అడిగితే, "నువ్వు గేటు తెరవకముందే తన్నేటి రకం," అన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆలోచిస్తే నిజమే అనిపించింది.

చాచా ముత్తాత నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి గుర్రపు ఫౌజులోకి వచ్చినవాడు. ఏ దేశం నుంచి అంటే ఎవరికీ తెలియదు. నానమ్మ హబష్ అనేదట, మేనత్త జాంజిబార్ అనేదట. "ఇద్దరు జిందగీల చార్మినార్ దాటి పోలే. ఎవరి మాట పట్టుకోవాలె?" అనేవాడు. ఇంట్లో గోడకు ఆ ముత్తాత ఫొటో ఒకటుండేది. తలపాగా, బల్లెం, కింద గుర్రం. గుర్రం తల వరకే ఫొటోలో మిగిలింది, మిగతాది చెదలు తినేసింది.

చాచా రంగు, ఉంగరాల జుట్టు చూసి కొత్త ఆటోవాళ్లు ఇంగ్లీషు అందుకునేవాళ్లు. వేర్ గోయింగ్, విచ్ కంట్రీ అని. చాచా ఓపిగ్గా మొత్తం విని, "ఉప్పుగూడ కంట్రీ. మీటర్ ఏసి నడువ్ బేటా," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఎన్నిసార్లని నవ్వుతాడని నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సింది.

మా మేడ మీది గది చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు పెద్దపిల్లలకు ఇచ్చాను. చిదిది నైజీరియా, ఫార్మసీ చదువు. డెల్‌రాయ్‌ది జమైకా, కంప్యూటర్లు. వాళ్లు దిగిన రోజున మా గల్లీ గల్లీ అంతా, ఇగ మనకు ఉరికేటోళ్లు దొరికిండ్రని సంబరపడింది. ఎక్కడి ఉరుకుడు. చిది నాలుగేళ్లలో పొద్దున రైలును ఒక్కసారీ అందుకోలేదు. డెల్‌రాయ్ మేడమెట్లు ఎక్కి, పై మెట్టు మీద కూర్చుని దమ్ము తీసుకుని, అప్పుడు తాళం తీసేవాడు. చాచా ఇద్దరికీ సున్నా వేశాడు.

తాము ఉరకకపోతేనేం, ఉరికేవాళ్ల గురించి మాత్రం పొద్దస్తమానం కొట్లాట. మొదట ఇంగ్లీషులో కొట్లాడేవాళ్లు. చాచా ఒప్పుకోలేదు. "నా ముంగట లొల్లి పెట్టుకుంటే నాకు సమజయ్యే భాషల పెట్టుకోన్రి," అన్నాడు. అట్లా మా గల్లీ తెలుగు నేర్చారు ఇద్దరూ. నేను పుస్తకం ముందు పెట్టి నేర్పుదామంటే పారిపోయినవాళ్లు, తిట్టుకోవడానికి ఆర్నెల్లలో నేర్చారు.

"మీ జమైకా అంటే ఏంది? మా తాతలను ఓడ ఎక్కించి దించిన జాగ," అనేవాడు చిది. "మీ గోల్డ్ మెడల్ సగం మాది."

"మరి దిగకుండ మీ కాడనే ఉన్నోళ్లు ఏం చేస్తున్నరు?" అనేవాడు డెల్‌రాయ్. "వాళ్లు ఉరకొచ్చు కదా. మా కాడ బడిపిల్లల పోటీకే స్టేడియం నిండుతది."

"మావోళ్లు ఫుట్‌బాల్‌కు పోయిన్రు."

"అయితే ఫుట్‌బాల్ మెడల్ సగం నాకియ్యి."

అమెరికావాడు గెలిచిన రోజు ఇద్దరికీ అన్నం సయించేది కాదు. ఓ అరగంటకు చిది, "అసలు వాడు గూడ మావాడే," అనేవాడు. డెల్‌రాయ్ వాళ్ల అమ్మకు ఫోన్ చేసేవాడు. ఆ తల్లి వెతికి వెతికి, గెలిచినవాడి పెద్దమ్మ తమ పక్క వీధిలో ఉండేదని ఖాయం చేసేది. ఒకసారి ఇంగ్లండు బనియను వాడు గెలిచాడు. అప్పుడు కూడా ఆ వీధిలోనే ఒక పెద్దమ్మ దొరికింది. ఒక్క వీధిలో అంతమంది పెద్దమ్మలు ఎట్లా పడతారని నేనడిగితే, పెద్ద వీధి ఆంటీ అన్నాడు.

ఈ పరుగులన్నీ చూసేది మా ఇంట్లోనే, నా టీవీలోనే. చాచా ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. వాళ్లు గీత మీద వంగగానే ఆయన ముందుకు వంగి, ఒక్కొక్కడి మడమ నుంచి మెడదాకా చూసేవాడు. తుపాకి పేలిందో లేదో కుర్చీతో సహా తిరిగి గోడవైపు కూర్చునేవాడు. ఇక్కడ చిది, డెల్‌రాయ్ గొంతులు చించుకుంటుంటే, చాచా మా గోడ మీది క్యాలెండర్‌తో, "నాలుగో గీతవాడు మంచిగ లేసిండు," అని చెప్పేవాడు. అంతే, ఆయనకు పందెం అయిపోయింది. వీళ్లు ఎవరు గెలిచిందీ చెప్పబోతే చెవులు మూసుకునేవాడు.

"అందర్ని ఒక్క గేటు నుంచే ఇడిసిన్రు," అనేవాడు. "ఎవడు ఎక్కడ తేలిండో గది ఓడ నడిపినోని ఇష్టం. గెలుసుడు గురించి మీరు కొట్లాడుకోన్రి. నేను గేటు కాడ ఉంట."

ఇంతదాకా హాయిగానే ఉంది. చెడగొట్టింది ఒక కానిస్టేబుల్. ఏదో జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, పైదేశం విద్యార్థుల కాగితాలు చూడడానికి మా ఇంటికి వచ్చాడు. మా అరుగు మీద ముగ్గురు కూర్చుని టీ తాగుతున్నారు. చిది తనవి చూపించాడు, డెల్‌రాయ్ చూపించాడు. కానిస్టేబుల్ చాచా వైపు చెయ్యి చాచి, "యూ? పాస్‌పోర్ట్? వీసా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు చాచా లేచి వెళ్లిపోయాడు. వచ్చేటప్పుడు చేతినిండా కాగితాలు. రేషన్ కార్డు, ఓటు కార్డు, ఆధారు, రేసుకోర్సు పాసు, నల్లా బిల్లు, పైన ముత్తాత ఫొటో. అన్నీ ఆ అబ్బాయి ఒళ్లో పెట్టి, పక్కన కూర్చున్నాడు.

"నీది ఏ ఊరు బేటా?"

అతను చెప్పాడు.

"హైదరాబాద్ వచ్చి ఎన్ని దినాలాయె?"

"రెండు నెలలు సార్."

"మంచిది. నేనొచ్చి నూట యాభై ఏండ్లాయె. ఏమన్న తెల్వకపోతే నన్నడుగు."

అందరం పడీ పడీ నవ్వాం. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి, తప్పయింది సార్ అని రెండుసార్లన్నాడు, టీ తాగి వెళ్లాడు. చాచా మాత్రం తన టీ ముట్టలేదు. ముత్తాత ఫొటోను లుంగీ అంచుతో తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నాకు ఆ రోజు కలిగిన కోపం ఇప్పటికీ దిగలేదు. ఆ పిల్లవాడి మీద కాదు, నవ్వినందుకు నా మీద.

చాచా మనసు నొచ్చిందని ఆ ఇద్దరికీ అర్థమయింది. బాగుచేద్దామనుకున్నారు. ఎట్లా బాగుచేశారయ్యా అంటే, చిది వాళ్ల ఊరి నుంచి పచ్చ తెలుపు జెర్సీ తెప్పించి, "చాచా, నీ ముక్కు మా మామ ముక్కే. నువ్వు మావాడివి," అన్నాడు. మర్నాడే డెల్‌రాయ్ పసుపు పచ్చ జెర్సీ తెచ్చి, "చాచా, నీ లొల్లి మా తాత లొల్లే. నువ్వు మావాడివి," అన్నాడు. ప్రపంచ పోటీల ఫైనల్ దగ్గరికొస్తోంది. ఆ రోజు చాచా ఏ జెర్సీ వేసుకుంటాడన్నది గల్లీలో పెద్ద తగువైంది. పాన్ డబ్బా దగ్గర పక్షాలు ఏర్పడ్డాయి. చివరికి వాళ్లిద్దరూ గల్లీలో వంద మీటర్లు ఉరకాలి, గెలిచినవాడి జెర్సీ చాచా వేసుకోవాలి అని తీర్మానమయింది. చాచాను ఎవరూ అడగలేదు.

ఆ పందేనికి ముందు రోజు సాయంత్రం చాచా మా వాకిట్లోకి వచ్చాడు. రెండు జెర్సీలు రెండు చేతుల్లో ఉన్నాయి.

"టీచరమ్మా, ఒకడేమో బయటోన్నంటడు. వీళ్లిద్దరేమో మావోడివే అంటరు, ప్రేమతోనే అంటున్నరు, కాదంటే మనసు ఖరాబైతది. ఉప్పుగూడోన్నని ఒక్కడన్న అంటడా?"

"నేనంటున్న కదా చాచా."

"నువ్వంటే ఏమైతది. నువ్వు ఎదురింటిదానివి," అన్నాడు.

జెర్సీలు రెండూ మడిచి చంకలో పెట్టుకుని, "రేపు గేటు కాడ నేనుంట. వాళ్లకు చెప్పు," అని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదికల్లా గల్లీ నిండిపోయింది. పాన్ డబ్బా దగ్గర ముగ్గుపిండితో గీత గీశారు. మా గేటు ముందు ముగింపు. నా పాత చీర అంచు చింపి ఒక కొస కరెంటు స్తంభానికి కట్టి, రెండో కొస నేను పట్టుకున్నాను. ఎనిమిదిన్నరకు నీళ్ల ట్యాంకరు వస్తుంది కాబట్టి ఆలోపు ముగియాలి. చిది షూ వేసుకొచ్చాడు. డెల్‌రాయ్ పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు.

చాచా ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలో వచ్చాడు. ఇద్దరినీ గీత దగ్గర నిలబెట్టాడు. రేసుకోర్సులో గుర్రాల చెవిలో ఏదో చెప్పేవాడట, ఏం చెప్పేవాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. అట్లాగే ముందు చిది చెవిలో, తరవాత డెల్‌రాయ్ చెవిలో ఏదో చెప్పాడు. వెనక్కి తగ్గి చప్పట్లకు చేతులు లేపాడు.

"ఫౌల్. చిదీ, నీ మడమ లేసింది. వాపస్ రా."

రెండోసారి డెల్‌రాయ్ భుజం కదిలింది. మూడోసారి ఇద్దరూ సగం దూరం ఉరికొచ్చాక, చిది ఊపిరి ముందే పీల్చాడని వెనక్కి పిలిచాడు. నాలుగోసారి డెల్‌రాయ్ మనసు కదిలిందన్నాడు.

"చాచా, దునియా రూలు ప్రకారం ఒక్క ఫౌల్ అయితే ఔట్," అన్నాడు చిది రొప్పుతూ. "నన్నన్న ఔట్ చెయ్యి, వాన్నన్న ఔట్ చెయ్యి."

"గది దునియా రూలు. ఇది ఉప్పుగూడ రూలు. ఇక్కడ ఎవన్ని ఔట్ చెయ్యరు. వాపస్ రా."

తొమ్మిది ఫౌళ్లయ్యాయి. చీర అంచు పట్టుకుని నా చెయ్యి లాగేస్తోంది. గల్లీవాళ్లు మొదట కేకలు వేశారు, తరవాత నవ్వారు, తరవాత అరుగుల మీద కూర్చుని ఫౌళ్లు లెక్కపెట్టారు. పదోసారి పిలిచేసరికి డెల్‌రాయ్ షాబాద్ బండ మీద వెల్లకిలా పడుకుని, తన దేశం తరఫున క్షమాపణ చెప్పి, లేవనన్నాడు. చిది పాన్ డబ్బాను కౌగిలించుకుని నిలబడ్డాడు.

అప్పుడు వెనకనుంచి ట్యాంకరు హారన్ వినబడింది.

చాచా గల్లీని అటొకసారి ఇటొకసారి చూశాడు. లుంగీ పైకి కట్టాడు. ముగ్గుపిండి గీత మీద నిలబడి, తన చప్పట్లు తనే కొట్టుకుని, బయలుదేరాడు. ఉరకలేదు. నడిచాడు. నడిమధ్యన నడిచాడు. వెనక ట్యాంకరు, దాని వెనక బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు. డ్రైవరు హారన్ కొట్టాడు, చాచా జరగలేదు. "అరే చాచా, పక్కకు జరుగు," అని ఎవరో అరిచారు. ఇంకెవరో, "ఉరుకు చాచా, ట్యాంకర్ వస్తున్నది," అన్నారు. అంతలో యాదమ్మ పాలడబ్బా మూత కొడుతూ, "ఉప్పుగూడ, ఉప్పుగూడ," అని అందుకుంది. గల్లీ మొత్తం అదే పాట పట్టింది. బండ మీద పడుకున్న డెల్‌రాయ్ కూడా చెయ్యి పైకెత్తి, ఉప్పుగూడ అన్నాడు. చాచా అడుగు కొంచెం పెద్దదయింది. నాకు కళ్లు నిండి, చీర అంచు కనబడలేదు.

అంచు తెంపుకుని వచ్చి చాచా నా పక్కన నిలబడ్డాడు. ట్యాంకరు రెండోది. ఆయన మా గేటు చూశాడు, కరెంటు స్తంభం చూశాడు, కాళ్లకు చుట్టుకున్న చీరముక్క చూశాడు.

"గింతేనా?"

"ఇంతే చాచా."

"దీనికోసమా గుర్రాలు గట్ల ఉరికినయి," అన్నాడు.

ఆ తరవాత తెలిసింది. ఆ ఇద్దరి చెవుల్లో చాచా చెప్పింది, "ఫికర్ చెయ్యకు, పగటికి టీచరమ్మ బగారా అన్నం వండుతది," అని. గుర్రాలకు కూడా అన్నేళ్లూ సాయంత్రం చనా గురించే చెప్పేవాడట. నాతో ఒక్క మాట అనలేదు. వాళ్లు వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాక, తిట్టుకుంటూ పొయ్యి వెలిగించాను.

ఫైనల్ నాటికి నేనే ఒక తెల్ల బనియను ముందువైపు ఎర్ర దారంతో పేరు కుట్టాను. పదకొండేళ్లుగా ముట్టని కుట్టు, వంకరగా వచ్చింది. చాచా అది వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తుపాకి పేలింది. కుర్చీతో సహా తిరిగాడు. చిది, డెల్‌రాయ్‌లకు టీవీకి అడ్డంగా ఆయన ఛాతీ, ఛాతీ మీద వంకర అక్షరాల్లో ఉప్పుగూడ. జరుగు చాచా, జరుగు చాచా అని వాళ్లు అరుస్తుండగానే పరుగు అయిపోయింది.

పోయిన చలికాలం చాచా పోయాడు. పిల్లలిద్దరూ అప్పటికే ఎవరి దేశం వాళ్లు వెళ్లిపోయారు. ఫోన్లో చెబితే చిది ఏడ్చాడు, డెల్‌రాయ్ ఏడ్చాడు. తరవాత మా ముగ్గురి ఫోన్ గ్రూపులో చిది, మావాడు పోయాడని రాశాడు. మావాడని డెల్‌రాయ్ రాశాడు. అంత దుఃఖంలోనూ అరగంట కొట్లాడుకున్నారు, తెలుగులోనే. నేను మధ్యలో దూరి ఇద్దరినీ తిట్టాను. చాచా ముత్తాత ఫొటో ఇప్పుడు మా ఇంట్లో ఉంది, ఆ క్యాలెండర్ ఉండే చోట. టీవీ చూడాలంటే దానికి వీపు పెట్టాలి. అందుకే ఈ మధ్య టీవీ చూడబుద్ధి కాదు.

హోటల్లో కేకలు సద్దుమణిగాయి. ఎవరో బల్ల గుద్దుతున్నారు, ఎవరో ఎవరినో తిడుతున్నారు. టీ భాయ్ ఖాళీ కప్పు కోసం వచ్చాడు. నేనింకా గోడవైపే ఉన్నాను.

"ఇగ తిరుగున్రి అమ్మా, అయిపోయింది," అన్నాడు జాలిగా. "ఎవరు గెలిచిన్రో చెప్పాల్నా?"

"నాకెర్కే."

"చూడకుండనే? ఎవరు?"

"ఉప్పుగూడ," అన్నాను.